క్రాంతికుమార్ రాసిన ముప్పై రెండు పేజీలు

జపాన్‌లో వీడియో గేమ్ ఆడేవాడు శత్రువు తల నరకకూడదు, గుండెలో మాత్రం ఎన్ని తూటాలైనా దించవచ్చు. జర్మనీలో అమ్మడం కోసం ఎర్ర నెత్తురు తీసేసి ఆకుపచ్చ ద్రవం కారేటట్టు మార్చిన ఆటలున్నాయి. మనుషుల్ని చంపడం మరీ ఘోరంగా ఉందని ఆ మనుషుల్నే మరబొమ్మలుగా చేసి అప్పుడు చంపించిన ఆటలూ ఉన్నాయి. చైనాలో అస్థిపంజరం కనపడకూడదని దానికి కండ తొడిగారు. ఇవన్నీ నాకు చెప్పినవాడు ఆ దేశాల్లో ఒక్కదాన్నీ చూడలేదు. అతను చూసినవి మూడే చోట్లు. భువనగిరి దగ్గర పుట్టిన పల్లె, డిగ్రీ చదివిన భువనగిరి, పదమూడేళ్లు సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివిన అశోక్‌నగర్. పేరు క్రాంతికుమార్.

అతను నాకు చిక్కడపల్లి లైబ్రరీ రీడింగ్ హాల్లో పరిచయం. నేను ఎండకు తట్టుకోలేక ఫ్యాను కింద కూర్చోడానికి వెళ్లేవాణ్ణి. అతను రాష్ట్రాన్ని పాలించడానికి వచ్చేవాడు. అక్కడ బల్లల మీద తలలు వంచుకొని కూర్చున్న వందమందీ అందుకే వస్తారు. ఊళ్లో అమ్మానాన్నలకు "ఈసారి అయితది" అని చెప్పి, హాస్టల్ గదిలో నలుగురితో మంచాలు పంచుకొని, ఉద్యోగ ప్రకటన కోసం వానకెదురు చూసినట్టు చూస్తుంటారు. కాశీలో చావు కోసం ఎదురుచూసే ముసలివాళ్లను చూశాను, రేవుల్లో ఓడ కోసం ఎదురుచూసే కూలీలను చూశాను. ఇంత ఓపికగా ఎదురుచూసే పడుచువాళ్లను మాత్రం మరెక్కడా చూడలేదు.

క్రాంతికుమార్ రెండుసార్లు ప్రిలిమ్స్ గట్టెక్కాడు. రెండుసార్లూ మెయిన్స్ రాశాడు. మెయిన్స్ అంటే గుర్తులు పెట్టే పరీక్ష కాదు, పేజీలకు పేజీలు జవాబులు రాయాలి. పరిచయం, శీర్షికలు, ఉపశీర్షికలు, పట్టిక, వీలైతే ఒక పటం, చివర ముగింపు, ముగింపులో ప్రభుత్వానికి సూచనలు. ఇదొక శిల్పం. కోచింగ్ సెంటర్లలో దీన్ని ఆగమశాస్త్రంలా నేర్పుతారు. ఎన్ని పాయింట్లు రాస్తే అన్ని మార్కులన్నది అక్కడి మూలమంత్రం. రెండోసారి కూడా పేరు రాకపోయేసరికి నన్నొక ప్రశ్న అడిగాడు.

"సార్, నేను రాసింది దిద్దెటాయన మొత్తం చదివిండంటరా? లేకపోతే మొదటి పేజీ చూసి పడేసిండా?"

ఎవరికి తెలుసు గనక.

2009లో బీసీలకిచ్చే ఐదేళ్ల సడలింపు కూడా కలుపుకొని అతని వయసు దాటిపోయింది. ఆ రోజు కూడా లైబ్రరీకొచ్చి, పేపరు చదివి, పెన్ను జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. భార్య మహేశ్వరి అమ్మాయిల హాస్టల్లో వార్డెను. ఇన్నాళ్లూ ఇల్లు నడిపింది ఆమే. మరుసటేడు ఆమె తన పుస్తెలతాడు తాకట్టు పెట్టి, చిక్కడపల్లి గల్లీలో దమయంతమ్మ ఇంటి కింది షటరు కిరాయికి తీసుకుంది. నాలుగు టీవీలు, నాలుగు గేమ్ కన్సోళ్లు, కుర్చీలు, ఒక కూలరు. అలా క్రాంతికుమార్ గేమ్ సెంటర్ యజమాని అయ్యాడు.

లైబ్రరీ మిత్రులు ఆ దుకాణానికి 'గ్రూప్ ఫైవ్' అని పేరు పెట్టారు. గ్రూప్ వన్ నుంచి ఫోర్ దాకా అతను రాయనిది లేదు కాబట్టి.

"ఏమన్నా, గ్రూప్ ఫైవ్ ఆఫీసర్! ఛార్జ్ తీసుకున్నవా?" అని గల్లీలోంచి అరిచేవాళ్లు.

"తీసుకున్న. జీపొక్కటే వస్తలేదు," అనేవాడు.

అబద్ధమెందుకు, ఆ దుకాణం నడిచింది. సాయంత్రమైతే చదువులతో తల వాచిపోయిన కుర్రవాళ్లు వచ్చి గంటసేపు శత్రువుల్ని కాల్చి, మనసు తేలిక చేసుకొని మళ్లీ భారత రాజ్యాంగంలోకి వెళ్లిపోయేవాళ్లు. క్రాంతికుమార్ మొహంలోకి నెత్తురొచ్చింది. జీవితంలో అతను మొదలుపెట్టిన వాటిలో ఫలితం కనపడ్డది ఇదొక్కటే.

అంతటితో ఆగి ఉంటే నేనీ కథ చెప్పే పని లేకపోయేది.

డిస్కులు కొత్తవి కొనే స్తోమత లేదు. సుల్తాన్ బజార్ దాటి కోఠీలో సెకండ్‌హ్యాండ్ డబ్బాలు ఏరుకొచ్చేవాడు. అవి ఏ దేశంనుంచి ఎవరి సూట్‌కేసులో వచ్చాయో దేవుడికెరుక. ఒకరోజు కిరాయి కోసం దిగివచ్చిన దమయంతమ్మ, కళ్లజోడు సర్దుకొని రెండు డబ్బాలు చేతుల్లోకి తీసుకుంది. ఆమె అరవై దాటిన మనిషి, నారాయణగూడ బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది.

"ఏంది క్రాంతీ, బొమ్మ అదే, ఆట అదే. దీనిమీద పద్దెనిమిది అని ఎర్రగ రాసుంది, దానిమీద పదిహేను. ఏది కరెక్టు?"

"రెండు కరెక్టే ఉంటయమ్మా. దేశాలు వేరు గదా."

"పిల్లలు పిల్లలే గదయ్యా యాడికి పోయినా. లెక్క రెండు తీర్ల ఎట్లొస్తది?"

ఆ ప్రశ్న అతన్ని పట్టుకుంది. లెక్కల టీచరు అడిగిన ప్రశ్న మరి. మర్నాడు లైబ్రరీకొచ్చాడు, చాలా నెలల తర్వాత. అక్కడ దొరకనిది ఇంటర్నెట్ సెంటర్‌లో వెతికాడు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. పదమూడేళ్లు చేసిందే మళ్లీ చేశాడు. పేపర్ వన్ ఐరోపా, పేపర్ టూ అమెరికా, పేపర్ త్రీ ఆసియా. ఐరోపాలో వయసు మెట్లు మూడు, ఏడు, పన్నెండు, పదహారు, పద్దెనిమిది. జర్మనీ వాడికి అది సరిపోక సొంత మెట్లు. అమెరికాలో సర్కారుకు సంబంధమే లేదు, ఆటలమ్మేవాళ్లే పెట్టుకున్న బోర్డు ఒకటి అక్షరాలు వేస్తుంది. ఆ బోర్డు వాళ్లు ఆట ఆడి చూడరు, కంపెనీ పంపిన వీడియో చూసి వయసు చెప్తారు. కొరియాలో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా ఆన్‌లైన్‌లో ఆడకూడదని చట్టం. న్యూజిలాండ్‌లో పెద్దలకని ముద్ర పడిన ఆటను పిల్లవాడి చేతికిస్తే, ఇచ్చింది కన్నతండ్రైనా నేరమే. ఆస్ట్రేలియాలో ఆటలకు పదిహేను దాటి వయసే లేదు. పదిహేనేళ్లవాడికి పనికిరాని ఆట ఆ దేశంలో యాభయ్యేళ్లవాడికి కూడా పనికిరాదు. అమ్మడమే నిషేధం. అదే దేశంలో పెద్దల సినిమాకు మాత్రం పద్దెనిమిది ముద్ర ఉంది.

ఇవి విన్నప్పుడు నేను నవ్వాను. నవ్వి, తర్వాత ఆలోచించాను. ఒక దేశం పిల్లలకు ఏది దాస్తుందో చూస్తే ఆ దేశం ముసలివాళ్లు దేనికి ఉలిక్కిపడతారో తెలుస్తుంది. జర్మనీలో సినిమాలో కనపడే నాజీ గుర్తు ఆటలో కనపడితే ఒప్పుకోరు. అమెరికాలో మనిషిని రంపంతో కోసినా పదిహేడేళ్లవాడు చూడొచ్చు, ఒంటిమీద బట్ట జారితే మాత్రం లోకం మునుగుతుంది. నేను చూసిన దేశాలు తక్కువే గాని చదివినవి ఎక్కువ, ఎక్కడా పెద్దవాళ్లు పిల్లల్ని అడిగి ఈ గీతలు గీసినట్టు లేదు. మరి మన దేశం? ఆటలకు వయసు చెప్పే బోర్డు మనకు లేనే లేదు. నోట్‌బుక్‌లో 'భారతదేశం' అని శీర్షిక పెట్టి, కింద రెండు గీతలు కొట్టి, పేజీ ఖాళీగా వదిలాడు.

ఆ ఖాళీని తానే నింపాలనుకున్నాడు. ఏ ఆటకైనా ఏ దేశం ఎక్కువ వయసు పెట్టిందో అదే తన దుకాణంలో వయసు. ఒక దేశం పదహారన్నా, ఇంకో దేశం పద్దెనిమిదన్నా, ఇక్కడ పద్దెనిమిదే. చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించాడు. వయసు రుజువుకు హాల్ టికెట్ చూపించాలి. అశోక్‌నగర్ చుట్టుపక్కల జేబులో డబ్బు లేనివాడుంటాడు గాని హాల్ టికెట్ లేనివాడుండడు. టెన్త్, ఇంటర్ పిల్లలు చార్టు చదివి తిట్టుకుంటూ వేరే చోట్లకు పోయారు. పిల్లలకని రెండు కార్ల ఆటలు పెట్టాడు గాని వాటికెవరూ కూర్చోలేదు. గిరాకీ సగమైంది.

"ఆస్ట్రేలియావోడొచ్చి మనకు బియ్యం పోస్తడా?" అంది మహేశ్వరి.

"పద్ధతి అంటే పద్ధతే."

"నీ పద్ధతి జూసి నీకు కలెక్టర్ పోస్టు ఇస్తరు. తాడు ఇడిపించుడెప్పుడు?"

"ఇడిపిస్త. జర ఓపిక పట్టు."

"పద్నాలుగేండ్ల సంది పడుతున్న," అని హాస్టల్‌కు వెళ్లిపోయింది.

2012 వానాకాలంలో ఫణీంద్ర గారి అబ్బాయి త్రైమాసిక పరీక్షల్లో తప్పాడు. ఫణీంద్ర గారు ఆ గల్లీలోనే మూడు తరాలుగా ఉన్న ఆడిటరు. అబ్బాయి ట్యూషన్ ఎగ్గొట్టి గేమ్ సెంటర్లో కూర్చుంటున్నాడని ఎవరో చెప్పారు. ఏ గేమ్ సెంటరో ఆయన అడగలేదు. గల్లీలో ఉన్నది ఒకటే కదా. ఆ పిల్లవాణ్ణి క్రాంతికుమార్ రెండుసార్లు గుమ్మంలోంచే వెనక్కి పంపాడు, నేను చూశాను. ఫణీంద్ర గారు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాగితం ఇచ్చివచ్చారు.

ఎస్సై మధ్యాహ్నం వచ్చాడు. కుర్చీ లాక్కొని కూలర్ ముందు కూర్చున్నాడు.

"ఏమయ్యా, సర్టిఫికెట్ ఏది?"

"ఏ సర్టిఫికెట్ సార్?"

"సినిమాకు ముందల చూపిస్తరు గదా, యూ, ఏ అని. గిదానికి లేదా?"

"మన దేశంల ఆటలకు బోర్డు లేదు సార్."

"బోర్డు లేకపోతే? సర్టిఫికెట్ ఎందుకుండదు?"

"బోర్డు లేకుంటే ఎవరిస్తరు సార్?"

"నన్నడుగుతవేంది? దుకాణం నీదా నాదా?" ఎస్సై చార్టు వైపు తిరిగి చూశాడు. దేశాల పేర్లు చూసి కొంచెం మెత్తబడ్డాడు. "సూడు, ఆడిటర్ సాబ్ పెద్దమనిషి, ఊకే ఫోన్ జేస్తుండు. ఒక్క కాయితం రాసియ్యి. పిల్లలను రానిస్తలేను, ఇకముందు కూడ రానియ్యను అని. కింద సంతకం. ఫైల్ల పెట్టి బంద్ చేస్త. మూడు దినాలు టైమ్."

ఆ ఎస్సై చెడ్డవాడు కాడు. సులువైన దారే చూపించాడు.

క్రాంతికుమార్ మర్నాడు కవాడిగూడ వెళ్లి, సినిమాలకు సర్టిఫికెట్లిచ్చే ఆఫీసులో అడిగాడు. అక్కడి గుమాస్తా మర్యాదగా మంచినీళ్లిచ్చి, తమ పని సినిమాలవరకేనని చెప్పి పంపాడు. అక్కణ్ణుంచి నేరుగా లైబ్రరీకొచ్చి, ఒక దస్తా తెల్లకాగితాలు, స్కేలు, మూడు రంగుల పెన్నులు బల్లమీద పెట్టుకున్నాడు. నేను ఎదురుగా కూర్చొని ఉన్నాను. రెండున్నర రోజులు తల ఎత్తలేదు. పరిచయం, క్రీడల చరిత్ర. ఒకటో శీర్షిక, వివిధ దేశాల విధానాలు. స్టెన్సిల్ పెట్టి ప్రపంచ పటం గీసి దేశాలకు రంగులు వేశాడు. పదకొండో పేజీలో పట్టిక: తన దుకాణంలో ఉన్న ఇరవై ఆరు ఆటలు, ఒక్కొక్కటీ ఏ దేశంలో ఏ వయసుకు, ఎక్కడ కోతపడింది, ఎక్కడ నిషేధం, ఎందుకు. ఏదీ దాచలేదు. పరీక్షలో తెలిసింది దాచుకునేవాడు మూర్ఖుడు. చివర భారతదేశంలో ఇలాంటి బోర్డు ఎలా ఉండాలో పద్నాలుగు సూచనలు. ముగింపు.

ఇన్నేళ్లలో ప్రభుత్వం అతన్ని పేరు పెట్టి పిలిచి ఒక ప్రశ్న అడిగింది ఇప్పుడే. సిలబస్ మొత్తం వచ్చిన ప్రశ్న. వద్దనాల్సింది నేనే, అనలేదు. నా పీకమీదికి రాని చోట పెద్దరికం చేయడం నాకు అలవాటు లేదు, ఆ అలవాటు లేనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మహేశ్వరి మాత్రం అంది. "ఒక్క కాయితం అన్నడు గదా ఆ సారు?"

"ఒక్క కాయితంల ఏమొస్తది? మొత్తం తెల్వాలె గదా. తెలిస్తే వాళ్లే అంటరు, ఈయన మంచిగ నడుపుతుండు అని."

ముప్పై రెండు పేజీలు దారంతో కుట్టి, అట్ట వేసి స్టేషన్లో ఇచ్చాడు. ఎస్సై ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం బందోబస్తులో ఉన్నాడు. స్టేషన్లో కాగితాలు చూసే రైటరు తీసుకొని ముద్ర కొట్టాడు. ఆ ముద్ర పడ్డ జిరాక్సు క్రాంతికుమార్ నాకు చూపించాడు, ఇంటర్వ్యూ కాల్ లెటర్ చూపించినట్టు.

పది రోజులకు పోలీసులు వచ్చారు. ఈసారి ఎస్సై ఒక్కడే కాదు, వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు, సాక్షులుగా పక్క దుకాణాలవాళ్లు ఇద్దరు. ఎస్సై మొహం ఇబ్బందిగా ఉంది. పైఅధికారి ఫైలు తిరగేశాడట. ఒక్క పేజీ ఉంటే సంతకం పెట్టి పక్కన పడేసేవాడు. ఇంత లావు ఫైలు ఎందుకుందని తెరిచాడు. తెరిస్తే పట్టిక కనపడింది.

"నీ చేత్తోని నువ్వే రాసినవు గదయ్యా!" అన్నాడు ఎస్సై. "నాలుగు ఆటలు ఆస్ట్రేలియాల నిషేధం. మూడు జర్మనీల దుకాణంల బయటకు పెట్టొద్దు. ఇది రాక్షసంగ ఉందని జపాన్ల కోసిండ్రు. గన్ని దేశాలోళ్లు వద్దన్నదాన్ని నువ్వు చిక్కడపల్లిల పెట్టుకొని కూసున్నవు. పై సారు అడిగితే నేనేమనాలె?"

"సార్, అది వాళ్ల చట్టం. మనకు వర్తించది. పంతొమ్మిదో పేజీల రాసిన సార్."

"పంతొమ్మిది దాక పోలే. పదకొండుకే అయిపోయింది."

"ముగింపు? ముగింపన్న చదివిండ్రా సార్?"

ఎస్సై సంచులు తెమ్మని చెయ్యి ఊపాడు. కానిస్టేబులొకడు నవ్వి, నవ్వినందుకు తానే గోడవైపు తిరిగాడు. కన్సోళ్లు, టీవీలు, ఇరవై ఆరు ఆటల డబ్బాలు గోనెసంచుల్లో వేశారు. గోడమీది చార్టు కూడా చింపకుండా జాగ్రత్తగా ఊడదీశారు, సాక్ష్యం కాబట్టి. పిల్లలకు అసభ్యమైన వస్తువులు చూపించాడని కేసు. షటరు దించి, తాళం మీద లక్క ముద్ర వేశారు. ముప్పై రెండు పేజీలూ అభియోగపత్రానికి జతయ్యాయి.

దమయంతమ్మ మెట్లమీద నిలబడి అంతా చూసింది. ఆడిటరు ఇంటికి వెళ్లి నిలదీసిందని తర్వాత తెలిసింది. "మీ పిల్లగాడు ఆ దుకాణానికి ఎన్నడొచ్చిండయ్యా ఫణీంద్రా? నేను మీదనే ఉంట, నాకు కండ్లు లేవా?" అన్నదట. ఆయన, "పోనీ అక్కా, కోర్టులో తేలుతుంది," అన్నారట. కోర్టులో ఏది ఎప్పుడు తేలుతుందో ఆడిటర్లకు తెలియని సంగతి కాదు.

క్రాంతికుమార్ పద్నాలుగు నెలలు నాంపల్లి కోర్టు చుట్టూ తిరిగాడు. వాయిదా రోజు నేను కూడా తోడువెళ్లేవాణ్ణి. నాకు పనిలేదు, కోర్టు వరండాలు చదవదగ్గ చోట్లు. ఆ నడుమ ఆస్ట్రేలియా చట్టం మార్చుకుంది, ఆటలకు కూడా పద్దెనిమిది మెట్టు పెట్టింది. నిషేధంలో ఉన్న అతని నాలుగు ఆటల్లో ఒకదానికి ఆ దేశం మళ్లీ అనుమతిచ్చింది. ఆ వార్త ప్రింటు తీసి వకీలుకిచ్చాడు. వకీలు దాన్ని విసనకర్రగా వాడుకున్నాడు.

"సూడన్నా," అన్నాడు వకీలు, "కొట్లాడితే ఇంకో నాలుగేండ్లు. తప్పైందని ఒప్పుకో, జుర్మానా కట్టు, ఇంటికి పో. మిషన్లు వాపస్ ఇస్తరు."

"నేను తప్పు చెయ్యలే గదా?"

"జేసినవని ఎవడంటుండు? ఒప్పుకొమ్మంటున్న."

కన్సోళ్లు ఇంకో ఏడాది సంచుల్లో ఉంటే ఎందుకూ పనికిరావు. దమయంతమ్మ అప్పటికే ఆర్నెల్లు కిరాయి అడగకుండా ఆగింది. క్రాంతికుమార్ బోనులో నిలబడి, మేజిస్ట్రేటు అడిగినదానికి ఒప్పుకుంటున్నానన్నాడు. గట్టిగా చెప్పమన్నారు. గట్టిగా చెప్పాడు. పది నిమిషాల్లో అయిపోయింది. డిస్కులు నాశనం చేయమని, మిగిలిన సామాను తిరిగివ్వమని ఉత్తర్వు.

తిరిగొచ్చిన నాలుగు కన్సోళ్లలో రెండు పనిచేశాయి. లక్క ముద్ర తీసిన షటరులోకి అప్పటికే వేరేవాళ్ల జిరాక్సు మిషన్లు వచ్చాయి. పనిచేసే ఆ రెండింటినీ అమ్మడానికి విద్యానగర్‌లో విఠల్ అనేవాడి గేమ్ సెంటర్‌కు పట్టుకెళ్లాడు. విఠల్ సరుకు చూశాడు, మనిషిని చూశాడు, ఉద్యోగమిచ్చాడు. "అన్నా, నీకు పని తెలుసు. ఈడనే కూసో. ఒక్కటే మాట, వచ్చినోణ్ణి వాపస్ పంపొద్దు," అన్నాడట.

2014 వేసవి మొదట్లో, ఒంటిపూట బడుల రోజుల్లో ఒకసారి నేనటు వెళ్లాను. కొత్త రాష్ట్రం వస్తోందని వీధంతా గులాబీ రంగు. లోపల చీకటిగా ఉంది, పది టీవీలు, పది చోట్లా చావులు. బల్ల వెనక క్రాంతికుమార్ కూర్చున్నాడు. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. నన్ను చూసి స్టూలు జరిపాడు. మహేశ్వరి బాగుందా అంటే బాగుందన్నాడు.

యూనిఫాం వేసుకున్న పిల్లవాడొకడు వచ్చి గోడకున్న డబ్బాల్లో ఒకటి వేలితో చూపించాడు. నాకు కూడా తెలిసిన డబ్బా అది. పదకొండో పేజీలో ఆ ఆటకు అడ్డంగా నిషేధాలతో నిండిన వరుస ఉండేది.

"అంకుల్, ఇది ఎన్నేండ్లోళ్లు ఆడాలె?"

క్రాంతికుమార్ డబ్బా తీశాడు. ముద్ర వైపు చూడలేదు.

"నీకెన్ని?"

"పదకొండు."

"పదకొండేండ్లోళ్లదే," అని డిస్కు తీసి మిషన్లో పెట్టాడు.